ముసలి గుర్రాన్ని సాగనంపడం ఎలా: వారాల ముందు నుంచి గొయ్యి పూడ్చిన తర్వాత దాకా

నెలకొకరైనా ఇదే అడుగుతారు. "అక్కా, మావాడికి ఇరవై ఐదేళ్ళు దాటాయి. పొద్దున లేవడానికి అవస్థ పడుతున్నాడు. డాక్టర్‌తో ఎప్పుడు మాట్లాడాలి? నొప్పి తెలియకుండా కన్నుమూయించే ఇంజెక్షన్ ఇప్పిస్తే ఎక్కడ పూడ్చాలి?" బెంగళూరు చుట్టుపక్కల యెలహంక నుంచి, దేవనహళ్ళి నుంచి, కనకపుర రోడ్డు నుంచి, ఒకసారి హిందూపురం నుంచి కూడా అడిగారు. ఫోన్లో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరచిపోతుంటాను. సరిగ్గా ఆ మరచిపోయినదే ఆ రోజు వాళ్ళకు అడ్డం పడుతుంది. అందుకని అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

నా చేతుల మీదుగా రెండు గుర్రాలు వెళ్ళిపోయాయి. మొదటిది ఆడగుర్రం. అక్టోబరు వానలో, రాత్రి పదకొండింటికి కోలిక్ (తీవ్రమైన కడుపునొప్పి) మొదలైంది. ఏ ఏర్పాటూ లేదు. ఫోన్ ఎత్తిన డాక్టర్ ఊళ్ళో లేరు. రెండో ఆయన వచ్చేసరికి తెల్లవారింది. ఇంజెక్షన్ ఇద్దామన్నా సంతకం పెట్టాల్సిన యజమాని విమానంలో ఉన్నారు. అంతా అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఆ పద్నాలుగు గంటలూ అది పొర్లిన చోట ఎర్రమట్టి అడుగు లోతున తవ్వుకుపోయింది.

రెండోవాడు మా చిన్నోడు. పేరుకే చిన్నోడు, పదహారు హ్యాండ్స్ ఎత్తు (భుజం దగ్గర ఐదడుగుల నాలుగంగుళాలు). మూడేళ్ళు రేసుల్లో పరుగెత్తాడు, పదకొండేళ్ళు షో జంపింగ్ (అడ్డంకులు దూకే పోటీలు) చేశాడు, ఆపైన పదేళ్ళు మా దగ్గర గడ్డి మేస్తూ గడిపాడు. ఒక సోమవారం పొద్దున తన కాళ్ళతో తానే నడిచి వేపచెట్టు దాటి వెళ్ళాడు. గుగ్గిళ్ళు తిన్నాడు. వెళ్ళిపోయాడు.

ఇద్దరికీ తేడా ముందస్తు ఏర్పాటులోనే ఉంది. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన బెంగళూరు రైడర్ ఫవాద్ మిర్జా రెండు రజతాలు తెచ్చినప్పుడు లాయాల్లో మిఠాయిలు పంచుకున్నాం. వాటిలో ఒకటి, 1982 తర్వాత ఏషియన్ గేమ్స్ గుర్రపుస్వారీలో మనకు దక్కిన మొదటి వ్యక్తిగత పతకం. పోటీల్లో గెలిచే గుర్రం గురించి అందరికీ తెలుసు. ఆ గుర్రమే పోటీలు మానేశాక ఇంకో పదేళ్ళు బతుకుతుందనీ, దాని చివరి రోజుకి కూడా శ్రద్ధగా తయారవ్వాలనీ ఎవరూ నేర్పరు.

నేను నేర్చుకున్నది ఒక్కటే: గుర్రం తన కాళ్ళ మీద తాను నడవగలిగినప్పుడే పంపండి. వారం ముందైతే బాధ మనకి. రోజు ఆలస్యమైతే బాధ దానికి.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- ఒక నోటు పుస్తకం, థర్మామీటర్, చుట్టుకొలత తీసే టేపు (దర్జీ టేపు కూడా సరిపోతుంది)
- ఇద్దరు వెటర్నరీ డాక్టర్ల నంబర్లు. ఇద్దరూ గుర్రాలను చూసేవాళ్ళే అయి ఉండాలి
- ఇద్దరు జేసీబీ వాళ్ళ నంబర్లు
- పూడ్చే స్థలానికి భూమి యజమాని ఒప్పుదల
- యజమాని సంతకం చేసిన అనుమతి కాగితం
- గుర్రం పాస్‌పోర్టు (దాని గుర్తింపు పుస్తకం), ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితాలు
- మెత్తటి హాల్టర్ (తలకి తొడిగే పట్టీ), కనీసం పది అడుగుల తాడు
- పెద్ద టార్పాలిన్, వెడల్పాటి బెల్టు పట్టీలు రెండు, కత్తెర, రబ్బరు బ్యాండ్లు, కాస్త సున్నం

1. పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి

"సమయం వచ్చినప్పుడు అదే చెబుతుంది" అంటారు. చెప్పదు. గుర్రం వేటాడబడే జంతువు. నొప్పిని దాచుకోవడం దాని రక్తంలోనే ఉంది. పైగా రోజూ చూసే కళ్ళకు మార్పు ఆనదు. అందుకే రాయాలి. వారానికి రెండుసార్లు, ఒకే సమయానికి, పది నిమిషాలు చాలు.

*పడుకుని లేవడం.* అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. గుర్రం నిలబడి కునుకు తీయగలదు గానీ గాఢనిద్ర పట్టాలంటే పడుకోవాల్సిందే. కీళ్ళ నొప్పితో మళ్ళీ లేవలేనని భయపడే గుర్రం పడుకోవడమే మానేస్తుంది. అలా కొన్నాళ్ళు గడిచాక నిలబడే నిద్రలోకి జారి, ముందుకాళ్ళు మడతపడి, ముందుకు తూలుతుంది. ముందుకాళ్ళ కింది కీళ్ళ మీద, ఎదురుగా, వెంట్రుకలు ఊడి గీరుకుపోయిన పుండ్లు కనిపిస్తే కారణం ఇదే కావచ్చు.

చిన్నోడి విషయంలో నేను ఆ పుండ్లు చూసి, గేటుకి తగిలాయనుకుని మందు రాశాను. మా సయీసు (గుర్రాలను చూసుకునే మనిషి) పెద్దాయనది మదనపల్లె దగ్గర పల్లె. ఆయన పొద్దున్నే వచ్చి, వాడి పక్క వైపు చేత్తో నిమిరి చూపించాడు. "చూడమ్మా, ఒక్క రంపంపొట్టు కూడా అంటలేదు. మూడు దినాలాయె వాడు పండుకోక." మిగతా గుర్రాలన్నిటికీ పొద్దున పూట పక్కలకి, తోకకి కింద పరిచిన పొట్టు అంటుకుని ఉంటుంది. వాడి తోక దువ్వినట్టు శుభ్రంగా ఉంది. అప్పటి నుంచి నా పుస్తకంలో మొదటి గడి అదే: "పొట్టు అంటిందా?"

*నమలడం.* అరిగిపోయిన పళ్ళతో గడ్డి నలగదు. నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు తొట్టి కింద కనిపిస్తాయి. దీనికి దారి ఉంది: ఎండుగడ్డి తగ్గించి, దాణా నీళ్ళలో నానబెట్టి జావలా పెట్టండి. ఉలవలు మెత్తగా ఉడికించండి. పొడి దాణా పెడితే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

*ఒళ్ళు.* పక్కటెముకలు చేతికి తగలడం మామూలే. దూరం నుంచే లెక్కపెట్టగలిగితే, వెన్ను కత్తిలా తేలితే ఆలోచించాలి. 1983లో టెక్సాస్‌లో తయారైన 1 నుంచి 9 దాకా ఉండే కొలత ఒకటి గుర్రాల డాక్టర్లందరికీ తెలుసు. 5 అంటే సమానంగా ఉన్నట్టు. మీ గుర్రం ఎంత ఉందో డాక్టర్‌ని అడిగి రాసుకోండి. జావ పెట్టి, నట్టల మందు వేసి, పళ్ళు చూపించాక కూడా ఆరు వారాల్లో 3 దాటకపోతే నేనైతే రెండో మెట్టుకి వెళతాను.

*గుండె, ఊపిరి, జ్వరం.* విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు, ఊపిరి 8 నుంచి 16 సార్లు, ఒంటి వేడి 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్. దవడ ఎముక కింద, లోపలి అంచున వేలు ఆనిస్తే నాడి దొరుకుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి లెక్క మీ దగ్గర ఉంటేనే చెడ్డరోజు లెక్కకి అర్థం ఉంటుంది. కడుపునొప్పి లక్షణాలతో పాటు గుండె 60 దాటి అలాగే ఉంటే తెల్లవారేదాకా ఆగొద్దు.

*ఇష్టం.* మీ గుర్రం ఇష్టంగా చేసే మూడు పనులు ముందే రాసి పెట్టండి. మావాడికి దాణా డబ్బా చప్పుడుకి సకిలించడం, పక్కవాడి మెడ కొరుకుతూ దువ్వడం, కొత్తగా వచ్చిన పిల్లల జేబులు వెతకడం. మూడింటిలో రెండు ఆగిపోయిన రోజు పుస్తకంలో ఎర్రసిరాతో గీత గీశాను.

2. డాక్టర్‌తో ముందే, తీరిగ్గా మాట్లాడండి

గుర్రం కిందపడ్డాక చేసే ఫోన్‌లో ఇవన్నీ అడగలేరు. ఒక మామూలు రోజున రమ్మనండి. ఫీజు ఇవ్వండి. పుస్తకం చూపించండి. అడగాల్సినవి:

నొప్పి మందుతో ఇంకా ఎన్నాళ్ళు నెట్టుకురావచ్చు? నొప్పి మందు ఎక్కువకాలం వాడితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మందు ఆపగానే కుంటితే, వాడితేనే నడుస్తుంటే, ఆ సంగతిని ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి.

ఏ మందు వాడతారు? సాధారణంగా ముందు మగత కోసం ఒక ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత మెడ నరంలోకి బార్బిట్యురేట్ జాతి మత్తుమందు భారీ మోతాదులో ఇస్తారు. కొందరు ఆ తర్వాత గుండె ఆగడానికి పొటాషియం క్లోరైడ్ కూడా ఇస్తారు. ఇక్కడ మొహమాటం లేకుండా మాట్లాడండి: పొటాషియం క్లోరైడ్ గుర్రం పూర్తిగా మత్తులోకి వెళ్ళాక మాత్రమే ఇవ్వాలి. మెలకువలో ఇస్తే నరకం. మంచి డాక్టర్‌కి ఈ ప్రశ్న వల్ల కోపం రాదు.

మెడ నరానికి ముందే క్యాన్యులా (మందు ఎక్కించే సన్నటి గొట్టం) పెడతారా? పెడితే సూది మధ్యలో జారిపోయే ప్రమాదం తగ్గుతుంది.

రాత్రిపూట పిలిస్తే వస్తారా? రాలేకపోతే ఎవరిని పంపుతారు? ఆ రెండో పేరూ రాసుకోండి.

ఇన్సూరెన్స్ ఉంటే ఇంజెక్షన్‌కి ముందే కంపెనీకి చెప్పి, వాళ్ళు అడిగే డాక్టర్ సర్టిఫికెట్ ఏమిటో తెలుసుకోండి. తర్వాత చెబితే చాలా పాలసీలు చిక్కు పెడతాయి.

3. గొయ్యి సంగతి తేల్చండి

జనం దీన్ని చివరికి వదిలేస్తారు. నేను ముందుకు తెచ్చింది కావాలనే. గుర్రం దాదాపు ఐదు వందల కిలోలు. చేత్తో ఎత్తేది కాదు, పారతో తవ్వేది కాదు.

కొలత: పది అడుగుల పొడవు, ఏడెనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిది తొమ్మిది అడుగుల లోతు. లెక్క ఏమిటంటే, పడుకోబెట్టిన గుర్రం మీద కనీసం నాలుగు అడుగుల మట్టి పడాలి. మన బెంగళూరు చుట్టుపక్కల పైన ఎర్రమట్టి కనిపిస్తుంది గానీ చాలాచోట్ల ఐదారు అడుగులకే బండ తగులుతుంది. మొదటిచోట బండ తగిలితే రెండో చోటు సిద్ధంగా ఉండాలి. అందుకే ఆ రోజు పొద్దున తవ్వించొద్దు; ముందురోజే తవ్వించి, చుట్టూ తాడు కట్టి, కాపలా పెట్టండి. తెరిచిన గోతిలో పిల్లలో పశువులో పడతారు.

బోరుకి, బావికి, చెరువు కాలువకి కనీసం యాభై మీటర్ల దూరం. పల్లంలో వద్దు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇక్కడ వాన ఎక్కువ, రాత్రికి రాత్రే గొయ్యి నిండుతుంది. వీలైతే అంతకుముందే తేల్చుకోండి. చలికాలంలో కీళ్ళ నొప్పులు ఎలాగూ ముదురుతాయి. దసరాకి ముందు ఒకసారి కూర్చుని "ఇంకో చలికాలం గడుస్తుందా?" అని ఆలోచించుకోవడం మా ఇంట్లో ఆనవాయితీ అయింది.

స్వారీ నేర్పే క్లబ్బులో ఉంచినవాళ్ళకి అక్కడ పూడ్చే చోటు ఉండదు. అప్పుడు దారులివి:

మీ సొంతూరి పొలమో, తెలిసినవాళ్ళ తోటో. ఊరి పంచాయతీలో ఒక మాట చెప్పి చేయండి. నడవలేని గుర్రాన్ని బండిలో ఎక్కించి అరవై కిలోమీటర్లు తీసుకెళ్ళి అక్కడ ఇంజెక్షన్ ఇప్పించొద్దు. ఇక్కడే, తనకి తెలిసిన చోటే కన్నుమూయనివ్వండి. తర్వాత బండిలో తీసుకెళ్ళండి.

పశువైద్య కళాశాలకి ఇవ్వడం. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఉంది. పాఠానికో, శవపరీక్షకో తీసుకుంటారేమో ముందే అడగండి. గుర్రం కాలి నిర్మాణం చేత్తో తాకి నేర్చుకున్న కుర్రవాడు రేపు ఇంకో గుర్రాన్ని బాగుచేస్తాడు. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు.

కార్పొరేషన్ వాళ్ళని పిలవడం. ఇది ఆఖరి దారి. పిలిస్తే మందు సంగతి తప్పక చెప్పండి, ఎక్కడ పూడుస్తారో అడగండి.

మందు సంగతి ఎందుకంటే, ఆ మత్తుమందు కళేబరంలో అలాగే ఉంటుంది. కుక్క తిన్నా, గద్ద తిన్నా చచ్చిపోతాయి. మనకి యాభై కిలోమీటర్ల దూరంలో రామనగర గుట్టల మీద రాబందుల కోసమే 2012లో ప్రకటించిన అభయారణ్యం ఉంది. పశువుల నొప్పిమందు డైక్లోఫెనాక్ కళేబరాల్లో మిగిలి మన దేశంలో రాబందులు కుప్పకూలిపోయాయని తేలాకే 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. ఆరుబయట పడేసిన ఒక్క గుర్రం ఎంత పని చేయగలదో ఆలోచించండి.

4. కాగితం రాసి గోడకి అంటించండి

"నేను అందుబాటులో లేనప్పుడు, ఫలానా డాక్టర్ చూసి బతకదని చెబితే, ఇంజెక్షన్ ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను." ఇంతే. సంతకం, తేదీ, మీ తరఫున నిర్ణయించగల మరొకరి పేరు, నంబరు. ఒక కాపీ లాయంలో, ఒకటి డాక్టర్ దగ్గర. ఆ ఆడగుర్రం ఆఖరి నాలుగు గంటలు ఈ ఒక్క కాగితం లేక పోయాయి.

5. ఎవరెవరికి, ఎలా చెప్పాలి

ముందు సయీసుకి. మనం గంటసేపు స్వారీ చేసి వెళ్ళిపోతాం. పేడ ఎత్తింది, రాత్రి కోలిక్ వస్తే నడిపించింది ఆయన. తారీఖు ఆయనతో కలిసి నిర్ణయించండి. ఆ రోజు ఉండాలో వద్దో ఆయన ఇష్టానికి వదిలేయండి. తాడు పట్టుకోమని ఆజ్ఞాపించడం అన్యాయం.

ఆ గుర్రం మీద నేర్చుకున్న పిల్లలకి రెండు మూడు రోజుల ముందు చెప్పండి. "ఊరికి పంపించాం" అనొద్దు, వాళ్ళు ఎదురు చూస్తారు. "నిద్రపుచ్చారు" అనొద్దు, రాత్రి పడుకోవడానికి భయపడతారు. "ముసలివాడయ్యాడు, నొప్పి తగ్గే దారి లేదు, డాక్టర్‌గారు మందిచ్చి చనిపోయేలా చేస్తారు, నొప్పి ఉండదు" అని చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మా దగ్గర ఒక ఎనిమిదేళ్ళ పాప ఆయుధపూజ నాడు పెట్టినట్టే పసుపు, కుంకుమ తెచ్చి వాడి నుదుట పెట్టింది. మరో అబ్బాయి అసలు రానన్నాడు. ఇద్దరిదీ సరైనదే.

6. ముందురోజు

గోతి అంచుకి మరీ దగ్గర కాకుండా, జేసీబీ చెయ్యి అందేంత దూరంలో, రాళ్ళు లేని చదునైన మెత్తటి నేల చూడండి. మూడు వైపులా కనీసం పదిహేను అడుగులు ఖాళీ ఉండాలి. కంచెకి, గోడకి, చెట్టుకి దగ్గర వద్దు.

గుర్రాన్ని ఆ చోట కాసేపు మేపండి. రేపు అక్కడికి నడవడం కొత్తగా ఉండకూడదు.

తోక వెంట్రుకలు కావాలంటే ఇవాళే తీసుకోండి. తోక లోపలి వైపు నుంచి వేలిమందం పాయ తీసి, పైన ఒక రబ్బరు బ్యాండు, కింద ఒకటి వేసి, పై బ్యాండుకి పైన కత్తిరించండి. ముందు కత్తిరించి తర్వాత కట్టబోతే చేతిలో చెల్లాచెదురవుతాయి. కడిగి నీడలో ఆరబెట్టండి. లాడాలు దాచుకోవాలంటే ప్రాణం పోయాక తీయించండి. గిట్టల నొప్పి ఉన్న గుర్రానికి బతికుండగా లాడాలు ఊడదీయిస్తే ఆఖరి రాత్రంతా నరకమే.

ఉలవలు నానబెట్టండి.

7. ఆ గంట

క్లాసులు లేని రోజు, లేని వేళ పెట్టుకోండి. మా క్లబ్బుకి సోమవారం సెలవు. ఎండ ముదరకముందు అయిపోవాలి. జేసీబీ రావాలి గానీ దాని ఇంజిను గుర్రం పడ్డాకే మొదలవ్వాలి.

మామూలుగా మాలీషు చేయండి. ఇష్టమైనవి పెట్టండి. చిన్నోడికి గుగ్గిళ్ళలో బెల్లం నలిపి ఇచ్చాను. వెచ్చటి పెదవులతో నా అరచేయి మొత్తం వెతికి, బెల్లం ముక్కలు ఏరుకుని, ఉలవలు తర్వాత తిన్నాడు. డాక్టర్ మగత మందు ఇచ్చే ముందు నోరు ఖాళీ అయ్యేదాకా ఆగండి.

దాని తోడు గుర్రాన్ని కనిపించేంత దూరంలో, మరో మనిషి చేతిలో ఉంచండి. ఒంటరిగా నడిపిస్తే కంగారుపడుతుంది.

మీరు చెప్పాలనుకున్నది మగత మందుకి ముందే చెప్పండి. ఆ తర్వాత తల వాలిపోతుంది, కాళ్ళు దూరం జరుగుతాయి. ఇక అక్కడ ఉండాల్సింది డాక్టర్, తాడు పట్టినవాళ్ళు మాత్రమే.

ఇక్కడ జాగ్రత్త: గుర్రం ఏ వైపు పడుతుందో కచ్చితంగా చెప్పలేం. ఒక్కోసారి నెమ్మదిగా కూర్చున్నట్టు వాలుతుంది, ఒక్కోసారి వెనక్కి లేచి పడుతుంది, ముందుకి దూకినట్టూ పడుతుంది. ఎదురుగా నిలబడొద్దు. తాడు చేతికి చుట్టుకోవద్దు. మెడ కౌగిలించుకుని ఉండాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఐదు వందల కిలోల కింద మనిషి మిగలడు. డాక్టర్ "వెనక్కి" అంటే వెనక్కి వచ్చేయండి. అది పడ్డాక, డాక్టర్ రమ్మన్నాక, వీపు వైపు నుంచి వెళ్ళి తల దగ్గర కూర్చోండి. కాళ్ళ వైపు నుంచి వెళ్ళొద్దు.

సాధారణంగా మందు మొత్తం ఎక్కిన నిమిషంలోపే పడుతుంది. పడే ముందే స్పృహ పోతుందని గుర్తుంచుకోండి.

చూడలేననుకుంటే చూడకండి. మగత ఎక్కేదాకా ఉండి వెళ్ళిపోవడం ద్రోహం కాదు. బెదిరిపోయి వెక్కుతున్న మనిషి పక్కన ఉంటే గుర్రమూ బెదురుతుంది.

8. ప్రాణం పోయిందని ఎలా నిర్ధారించుకోవాలి

ఇది డాక్టర్ పని, అయినా మీకు తెలిసి ఉండాలి. పడ్డాక కొన్ని పెద్ద పెద్ద ఊపిర్లు రావచ్చు. కండలు అదరవచ్చు, కాలు కదలవచ్చు, మూత్రం పోవచ్చు. కళ్ళు తెరిచే ఉంటాయి. వీటిని చూసి "ఇంకా బతికే ఉంది" అని చాలామంది హడలిపోతారు. మెదడు ఆగాక శరీరం చేసే కదలికలవి.

డాక్టర్ చూడాల్సినవి: కంటిగుడ్డు మీద తాకితే రెప్ప కదలకూడదు. ఊపిరి లేకపోవాలి. స్టెతస్కోప్ ఎడమ మోచేతి వెనక పెట్టి, కనీసం ఐదు నిమిషాలపాటు గుండె చప్పుడు లేదని తేల్చుకోవాలి. గుండె ఆగడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, అప్పటికే గుర్రానికి ఏమీ తెలియదు. మళ్ళీ ఒకసారి చూడమని అడగండి. డాక్టర్ గట్టిగా "అయిపోయింది" అనేదాకా జేసీబీ కదలకూడదు.

9. తోడు గుర్రం చూసుకోనివ్వండి, తర్వాత పూడ్చండి

తోడు గుర్రాన్ని తీసుకొచ్చి తాడు వదులుగా పట్టుకోండి. వాసన చూస్తుంది, ముట్టెతో నెడుతుంది, కొన్ని మేత మొదలుపెడతాయి. పావుగంటో అరగంటో, తనంతట తాను పక్కకి తిరిగేదాకా ఆగండి. చూడనివ్వని గుర్రాలు రోజుల తరబడి కంచె వెంట తిరుగుతూ పిలవడం నేను చూశాను.

తర్వాత మీరు పక్కకి వెళ్ళిపోండి. నిజంగా చెబుతున్నాను, వెళ్ళిపోండి. ఎత్తడం, దించడం ఎంత మర్యాదగా చేసినా చూడతగ్గది కాదు. ఎవరైనా నమ్మకస్తుడిని నిలబెట్టండి. మెడకి తాడు వేసి లాగొద్దని, బెల్టు పట్టీలు కాళ్ళకి వేసి నెమ్మదిగా జరపమని జేసీబీ డ్రైవర్‌కి ముందే చెప్పండి. రెండు మూడు గంటల్లో దించాలి. ఆపైన ఒళ్ళు బిగుసుకుపోయి కాళ్ళు మడవడం కష్టం, ఎండకి పొట్ట ఉబ్బుతుంది.

హాల్టర్, ప్లాస్టిక్ దుప్పటి, ఇనుము తీసేయండి. బంతిపూలు, గడ్డి, విభూతి వేయండి. సున్నం బస్తాలకి బస్తాలు పోస్తే తొందరగా మట్టిలో కలుస్తుందంటారు. నిజానికి ఎక్కువ సున్నం ఆ పనిని ఆలస్యం చేస్తుంది. వాసన రాకుండా ఒక పలచటి పొర చాలు. మట్టి పైన రెండడుగుల గుట్టగా పోయించండి, ఆ గుట్ట మీద ముళ్ళకంప పరవండి. కుక్కలు తవ్వకుండా అదే మంచి కాపలా.

పొరపాట్లు

ఒకటి, "ఉచితంగా ఎవరికైనా ఇచ్చేద్దాం, మనం చూడక్కర్లేదు" అనుకోవడం. ఆ గుర్రం పెళ్ళి ఊరేగింపులకో బండికో చేరి, ఎవరూ గుర్తుపట్టని చోట కూలుతుంది. ఆకలికీ దాహానికీ వదిలేయడం 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. పదకొండేళ్ళు మనకోసం అడ్డంకులు దూకిన ప్రాణి అది.

రెండు, పండగ అయ్యాక, పుట్టినరోజు అయ్యాక, అమెరికా నుంచి అమ్మాయి వచ్చాక అని తారీఖు జరుపుకుంటూ పోవడం. గుర్రానికి క్యాలెండర్ లేదు. ఆ అమ్మాయికి వీడియో కాల్ చేయండి.

మూడు, నొప్పిమందు మోతాదు పెంచి "బాగానే ఉన్నాడు" అనుకోవడం. పుస్తకంలో మందు గడి కూడా పెట్టండి. మోతాదు పెరిగిన వారాన్ని మంచి వారంగా లెక్కేయొద్దు.

నాలుగు, ఉన్నట్టుండి చనిపోయిన గుర్రాన్ని కోసి చూడబోవడం. ముక్కు నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే ఆంత్రాక్స్ అనుమానించాలి. కోయొద్దు, తాకొద్దు, డాక్టర్‌ని పిలవండి. ముక్కు నుంచి చీము, చర్మం మీద పుండ్లు ఉంటే గ్లాండర్స్ కావచ్చు. అది మనుషులకీ సోకుతుంది, పశుసంవర్ధక శాఖకి చెప్పి తీరాలి.

ఐదు, పాస్‌పోర్టు మరచిపోవడం. గుర్రం చనిపోయినట్టు గుర్రపుస్వారీ ఫెడరేషన్‌కి తెలియజేసి, పేరు తీసేయించండి. లేకపోతే ఆ కాగితాలతో ఇంకో గుర్రాన్ని ఎవరైనా తిప్పవచ్చు.

10. తర్వాతి వారం, తర్వాతి వాన

తోడు గుర్రానికి మూడు నాలుగు రోజులు పేడ, నీళ్ళు, మేత లెక్క రాయండి. ఒక పూట పూర్తిగా మేత మానేస్తే, పేడ తగ్గితే డాక్టర్‌కి చెప్పండి. బెంగతో మొదలై కోలిక్ దాకా వెళ్ళవచ్చు. ఒంటరిగా వదలొద్దు. కొత్త గుర్రం లేకపోతే మేకైనా పక్కన కట్టండి. చిన్నోడికి తోడుగా ఉన్న మా ముసలి గుర్రం పది రోజులు సాయంత్రం నాలుగింటికి వేపచెట్టు వైపు చూసి సకిలించేది. పదకొండో రోజు గడ్డి కోసం సకిలించింది.

గొయ్యి మీద మట్టి మొదటి పెద్ద వానకే కుంగుతుంది. అడుగు, అడుగున్నర దిగవచ్చు. వాన వెలిసిన మర్నాడు వెళ్ళి చూడండి. పగుళ్ళు ఉన్నాయా, నీళ్ళు నిలిచాయా, కుక్కల కాలిగుర్తులు ఉన్నాయా? ఒక ట్రాక్టరు మట్టి ముందే పక్కన పోయించి ఉంచితే ఆ రోజు పనికొస్తుంది. మళ్ళీ గుట్టగా పోసి తొక్కించండి. ఏడాది దాకా దాని మీద చెట్టు పెట్టొద్దు, వేళ్ళు నిలబడవు. అప్పటిదాకా గరిక చల్లండి. మా సయీసు పెద్దాయన రెండో వానకే చల్లాడు, దీపావళికి పచ్చగా అల్లుకుంది.